వాలు దారిలో దిగేటప్పుడు వెనకబడుతున్నానని కొత్త మౌంటెన్ బైక్ కొనాలా?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. ఆరు నెలలుగా మీరు హార్డ్‌టెయిల్ తొక్కుతున్నారు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్. కొన్న షాపు దగ్గర వారానికోసారి పోగయ్యే రైడర్లు రమ్మంటే రెండుసార్లు వెళ్లారు. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు మాత్రం అందరికంటే వెనకబడ్డారు. చేతులు తిమ్మిరెక్కాయి, ముందు బ్రేక్ కీచుమంటోంది, ఒకసారి పంక్చరై మీ కోసం అందరూ ఆగాల్సి వచ్చింది. వాళ్లలో చాలామందివి ఫుల్ సస్పెన్షన్ సైకిళ్లు, అంటే వెనక కూడా సస్పెన్షన్ ఉన్నవి. అలాంటిది కొనేదాకా వాళ్లతో వెళ్లడం ఆపేయాలా అని అడిగారు.

కొనకండి. ఆపకండి. షాపులో రద్దీ లేని రోజు చూసుకుని సైకిల్ తీసుకెళ్లి, మీ బరువుకీ మీ చేతులకీ సరిపడేలా సెట్ చేయించుకోండి. గంట పని. తర్వాత అదే గుంపుతో, అదే దారిలో కనీసం ఐదారుసార్లు తిరగండి. అప్పటికీ సైకిలే అడ్డం పడుతోందని అనిపిస్తే కొత్తదాని మాట అప్పుడు మాట్లాడుకుందాం.

నేను 18 ఏళ్లుగా సైకిల్ షాపులో మెకానిక్‌ని. మీరు చెప్పిన నాలుగు లక్షణాలూ ఒకేసారి పట్టుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. దిగుడులో భయం, చేతుల తిమ్మిరి, బ్రేక్ అరుపు, పంక్చర్. వినడానికి నాలుగు వేర్వేరు కష్టాల్లా ఉంటాయి. స్టాండ్‌కి ఎక్కించి చూస్తే చాలాసార్లు కారణం ఒకటే: పెట్టెలోంచి తీసి బిగించిన సైకిల్‌ను అలాగే తొక్కుతున్నారు. అది ఎవరి బరువుకీ, ఎవరి చేతి పొడవుకీ సెట్ చేసింది కాదు.

టైర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు, తేడా మాత్రం మొదటి మలుపులోనే తెలుస్తుంది. టైర్ పక్కన అచ్చు వేసి ఉండే పెద్ద అంకె చూసి అంత గాలీ కొట్టేస్తారు చాలామంది. అది ఆ టైర్ తట్టుకోగల గరిష్ఠం, మీరు కొట్టాల్సిన లెక్క కాదు. అంత గాలితో రాళ్ల మీద దిగితే టైర్ రాయిని పట్టుకోదు, దాని మీద నుంచి ఎగురుతుంది. ఆ దెబ్బంతా హ్యాండిల్ గుండా మీ అరచేతుల్లోకి వస్తుంది. 2.2 నుంచి 2.4 అంగుళాల వెడల్పు టైరు, లోపల ట్యూబ్, మనిషి బరువు 70 కిలోల ప్రాంతం అనుకుంటే ముందు 26, వెనక 28 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో మూడు నాలుగు తగ్గించవచ్చు. అక్కడి నుంచి ఒక్కొక్క పీఎస్ఐ మార్చుతూ అదే దారిలో తొక్కి చూడండి. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు నాకూ ఉంది కానీ దాన్ని నమ్మను. చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి, ఎప్పుడూ అదే గేజ్‌తో కొలవండి.

మీ పంక్చర్ సంగతి. పాత ట్యూబ్ ఇంకా ఉంటే గాలి నింపి చూడండి. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు కనిపిస్తే అది పాము కాటు. రైడర్లు దాన్ని స్నేక్ బైట్ అంటారు. గాలి మరీ తక్కువై, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగిందని అర్థం. రెండు పీఎస్ఐ పెంచాలి. ఒకటే సన్నటి రంధ్రం ఉంటే ముల్లో, గాజు పెంకో. అప్పుడు ట్యూబ్ మార్చే ముందు టైర్ లోపలంతా వేళ్లతో జాగ్రత్తగా తడమండి. ఆ ముల్లు టైర్‌లోనే ఉండిపోయి పది నిమిషాల్లో కొత్త ట్యూబ్‌ను కూడా పొడిచేయడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

ఇప్పుడు ఫోర్క్. అసలు విషయం ఇక్కడ ఉంది.

ఫోర్క్ నున్నటి కాళ్ల మీద ఒకవైపు సన్నటి రబ్బరు రింగు ఉందేమో చూడండి. లేకపోతే ప్లాస్టిక్ టై ఒకటి మరీ బిగించకుండా కట్టండి. సైకిల్‌ను గోడ పక్కన పెట్టి, రైడ్‌కి వెళ్లేటప్పుడు వేసుకునే బూట్లు, బ్యాగు, హెల్మెట్‌తో సహా ఎక్కండి. పెడల్స్ మీద నిలబడి, బ్రేక్ పట్టకుండా, ఫోర్క్‌ని రెండుసార్లు కుదిపి కుదురుగా ఉండండి. ఎవరినైనా ఆ రింగును కిందికి, నున్నటి కాలు లోపలికి దిగేచోట ఉండే రబ్బరు సీల్‌కి ఆనేలా జరపమనండి. తర్వాత ఫోర్క్‌ని కదపకుండా నెమ్మదిగా దిగండి. సీల్‌కీ రింగుకీ మధ్య ఎంత దూరం ఉందో అదే శాగ్, అంటే మీ బరువుకే ఫోర్క్ ఎంత కుంగిందో ఆ లెక్క. మొత్తం 100 మిల్లీమీటర్లు కుంగగల ఫోర్క్‌కి 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. ఎక్కువ ట్రావెల్ ఉన్న, అంటే ఇంకా ఎక్కువ దూరం కుంగగల ట్రైల్ ఫోర్కులకు ఆ దూరంలో 20 నుంచి 25 శాతం దాకా వెళ్లవచ్చు.

ఒక అమ్మాయి వచ్చింది, 52 కిలోలు. "అన్నా, ఈ ఫోర్క్ పాడైపోయింది, అసలు పని చేయడం లేదు, కొత్తది వేసేయండి" అంది. స్ప్రింగ్ బదులు లోపల గాలి ఉండే ఎయిర్ ఫోర్క్ అది. శాగ్ చూస్తే ఐదు మిల్లీమీటర్లు కూడా లేదు. ఆమె కంటే బాగా బరువైన మనిషికి సరిపోయే గాలి ఉంది దాంట్లో. షాక్ పంపు పెట్టి కొంచెం కొంచెంగా వదులుతూ, ఎక్కమని, దిగమని, మళ్లీ ఎక్కమని నాలుగుసార్లు చేసి 18 దగ్గర ఆపాను. రీబౌండ్ నాబ్ కూడా తిప్పాల్సి వచ్చింది, ఎందుకంటే గాలి తగ్గితే ఫోర్క్ తిరిగి లేచే వేగం కూడా మారుతుంది. ఆ వారం రైడ్ నుంచి తిరిగొచ్చి రింగు ఎక్కడి దాకా జరిగిందో చూపించింది. అంతకుముందు ఎప్పుడూ సగం కూడా దాటని రింగు, ఈసారి పైనుంచి రెండు వేళ్ల దూరంలో ఉంది. ఆ ఫోర్క్ మీదే ఆమె మరో మూడేళ్లు తొక్కింది.

రీబౌండ్‌ను చూడటం తేలికే. హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి ఒక్కసారిగా వదలండి. ముందు చక్రం నేల మీద నుంచి ఎగిరితే మరీ వేగంగా ఉంది. బద్ధకంగా, నింపాదిగా లేస్తే మరీ నెమ్మదిగా ఉంది, వరస గతుకుల్లో లేచే లోపే తర్వాతి దెబ్బ పడుతుంది. మీది స్ప్రింగ్ ఫోర్క్ అయితే నాకు ఒక్క విషయం చెప్పాలని ఉంది: స్ప్రింగ్‌ను ముందే కొంచెం నొక్కి ఉంచడానికి పైన ఉండే ప్రీలోడ్ నాబ్ కొంతవరకే పని చేస్తుంది. స్ప్రింగ్ గట్టిదనం మారాలంటే స్ప్రింగే మార్చాలి. కొన్నిటికి వేరే స్ప్రింగులు దొరుకుతాయి, షాపులో మోడల్ చూపించి అడగండి. ఇంకొకటి, ఎక్కేటప్పుడు ఫోర్క్ కుంగకుండా వేసిన లాకౌట్ దిగేముందు తీస్తున్నారా? నవ్వుకోవద్దు, దిగుడు మొదలయ్యే చోట ఆగి అందరి ఫోర్కులూ ఒకసారి చూడండి, ఇద్దరు ముగ్గురివి లాక్‌లోనే ఉంటాయి.

చేతుల తిమ్మిరికి మందు గ్లౌజులు కాదు, బ్రేక్ లీవర్లు. కొత్త సైకిళ్లలో లీవర్లు తరచూ గ్రిప్పుకి ఆనుకుని ఉంటాయి. అలా ఉంటే లీవర్ మధ్యలో రెండు మూడు వేళ్లతో పిసకాల్సి వస్తుంది. గ్రిప్పు పట్టుకోవడానికి మిగిలేవి బొటనవేలు, ఇంకో ఒకటి రెండు వేళ్లు. అరగంట దిగుడులో ముంజేయి రాయైపోతుంది. క్లాంప్ వదులు చేసి లీవర్‌ను లోపలికి జరపండి, చూపుడువేలు ఒక్కటే లీవర్ కొస కొక్కెం మీద పడేలా. హైడ్రాలిక్ డిస్క్ బ్రేక్‌కి ఒక్క వేలు చాలు, మిగతా నాలుగూ గ్రిప్పుని పట్టుకుంటాయి. దిగేటప్పుడు నిలబడే భంగిమలో మోచేయి నుంచి వేలి దాకా ఒకే గీతలా ఉండాలి, మణికట్టు విరిగినట్టు వంగకూడదు. చేయి చిన్నదైతే లీవర్‌ను గ్రిప్పుకి దగ్గర చేసే చిన్న స్క్రూ ఉంటుంది, అదీ తిప్పించుకోండి.

ముందు బ్రేక్ అరుపు గురించి అడిగారు. చైన్‌కి స్ప్రే లూబ్ కొడుతున్నారా? కొడుతుంటే అనుమానం అక్కడే. కంటికి కనిపించని సన్నటి తుంపర గాలికి ముందు రోటర్ మీద, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేక్ పళ్లెం మీద కూడా పడవచ్చు, దాన్ని నొక్కి పట్టే ప్యాడ్ ఆ నూనెను పీల్చుకుంటుంది. అప్పటి నుంచి బ్రేక్ అరుస్తుంది, పట్టదు. రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే శుభ్రమవుతుంది. ప్యాడ్ నూనె తాగిందంటే మాత్రం మార్చడమే. ఇసుక కాగితంతో రుద్దడం, మంట మీద కాల్చడం అన్నీ నేనూ చేసి చూశాను, రెండు రైడ్లలో అరుపు తిరిగొచ్చింది. ఇకమీదట డబ్బా స్ప్రే మానేసి చుక్కలుగా వేసే లూబ్ వాడండి, ఒక్కో లింకుకి ఒక్క చుక్క, తర్వాత పైనున్నదంతా గుడ్డతో తుడిచేయండి.

కొత్త ప్యాడ్లు వేయించిన రోజే వాలు దారులు దిగడానికి వెళ్లకండి. చదునైన చోట ఓ మాదిరి వేగం అందుకుని, చక్రం జారకుండా నడక వేగానికి తగ్గించండి. పూర్తిగా ఆగకుండా ఇరవై ముప్పై సార్లు ఇలా చేయాలి. ప్యాడ్ పదార్థం పలచగా రోటర్‌కి అంటుకుంటుంది, బ్రేక్‌కి పట్టు అక్కడి నుంచే వస్తుంది. ఈ పని చేయకుండా "కొత్త ప్యాడ్లు కూడా పట్టడం లేదు" అని వచ్చినవాళ్లు చాలామంది. హైడ్రాలిక్ బ్రేక్‌లో ఆయిల్ మార్చే పని మాత్రం ఇంట్లో మొదలుపెట్టకండి. కొన్ని బ్రేకుల్లో మినరల్ ఆయిల్, కొన్నింటిలో డాట్ ఫ్లూయిడ్ ఉంటుంది. ఒకదాంట్లో రెండోది పోస్తే లోపలి సీళ్లు పాడైపోతాయి, బ్రేకే పోతుంది.

ఈ ఆటలో బ్రేకుల గొడవ కొత్తది కాదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు మిత్రులు పాత బెలూన్ టైర్ల సైకిళ్లేసుకుని ఒక ఫైర్ రోడ్డు మీద కిందికి పోటీలు పెట్టుకున్నారు. వెనక్కి తొక్కితే పట్టే కోస్టర్ బ్రేకులు వాటికి. కిందికి చేరేసరికి వెనక చక్రం మధ్యలో ఉండే హబ్‌లో గ్రీజు కాలి పొగ వచ్చేది, ప్రతిసారీ హబ్ విప్పి కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పోటీకి రీప్యాక్ అనే పేరు వచ్చింది. వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ 1977లో ఈ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేములు చేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో ఇలాంటి సైకిళ్ల అమ్మకం మొదలుపెట్టారు, టామ్ రిచీ ఫ్రేములు చేసి ఇచ్చాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి వచ్చేసరికి ఇది పతకాల ఆట అయింది. నాకు ఈ చరిత్రలో నచ్చేది ఒకటుంది. వీళ్లు ఒకే చోట పోగై, ఒకరి సైకిల్ ఒకరు చూసి, విరిగింది బాగు చేసుకుంటూ నేర్చుకున్నారు. మీ షాపు ముందు వారానికోసారి జరుగుతున్నదీ అదే. దాన్ని వదులుకోవద్దని అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

తొక్కే తీరు గురించి కాస్త. దిగేముందు సీటు కిందికి దించండి, మీట నొక్కితే సీటు దిగే డ్రాపర్ లేకపోతే ఆగి చేత్తోనే దించండి. పెడల్స్ రెండూ నేలకు సమంగా, మడమలు కొంచెం కిందికి, మోచేతులు బయటికి వంచి. బరువంతా పాదాల్లో ఉండాలి, చేతుల్లో కాదు. భయపడినవాళ్లు ఒళ్లంతా వెనక్కి లాగేసి వెనక చక్రం మీద వేలాడతారు. దాంతో ముందు చక్రం తేలికై మలుపులో జారుతుంది, హ్యాండిల్‌కి వేలాడి చేతులు నొప్పెడతాయి. మలుపు రాకముందే, దారి తిన్నగా ఉన్నచోటే వేగం తగ్గించుకోండి, రాళ్ల గుట్ట మీదికి రాగానే బ్రేక్ వదిలేయండి. మొత్తం దిగుడంతా బ్రేక్ సగం పట్టుకుని రావడమే మనిషిని అన్నిటికంటే ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది. కళ్లు చక్రం ముందు రాయి మీద కాదు, మూడు నాలుగు సెకన్ల తర్వాత మీరు ఉండబోయే చోట ఉండాలి.

షాపువాళ్లతో ఎలా మెలగాలో ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. సైకిల్ కడిగి తీసుకెళ్లండి. బురద కింద ఉన్న పగులు ఎవరికీ కనబడదు. రైడ్‌కి ముందు రోజు సాయంత్రం వెళ్లి "ఇప్పుడే కావాలి" అనకండి, ఆ సమయంలో అందరూ అదే అంటారు. "ఏదో శబ్దం వస్తోంది" అని వదిలేయకుండా, ఎప్పుడు వస్తోందో చెప్పండి. తొక్కితేనే వస్తోందా, తొక్కకుండా జారుతున్నప్పుడు కూడానా? పెడల్ ఒక చుట్టుకి ఒకసారా, చక్రం ఒక చుట్టుకి ఒకసారా? పెడల్‌తో పాటు వస్తే పెడల్, దాన్ని మోసే క్రాంకు, ఆ క్రాంకు తిరిగే బేరింగు అంటే బాటమ్ బ్రాకెట్ చూస్తాం. చక్రంతో పాటు వస్తే రోటర్, స్పోకులు, హబ్. ఈ ఒక్క మాట మీరు చెబితే నా అరగంట మిగులుతుంది.

ఒకతను గేర్లు దూకుతున్నాయని కేబుల్ మార్చాడు, కేసింగ్ మార్చాడు, చివరికి షిఫ్టర్ కూడా మార్చాడు. నేను సైకిల్ వెనక నిలబడి ఒక కన్ను మూసి చూశాను. గేర్లు మార్చడానికి చైన్‌ను పక్కకు జరిపే వెనక డీరైలర్ కింది పుల్లీ చక్రం వైపు వాలి ఉంది. సైకిల్ కుడివైపు పడిందా అని అడిగితే, కారులోంచి దింపుతుంటే ఒకసారి ఒరిగిందన్నాడు. డీరైలర్ వేలాడే హ్యాంగర్ వంగింది, అంతే. ఫ్రేమ్ విరగకుండా తాను వంగిపోవడానికే దాన్ని మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. గేజ్ పెట్టి సరి చేయడానికి పది నిమిషాలు పట్టింది. మీ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి ఇప్పుడే కొని బ్యాగులో వేసుకోండి. చాలా ఫ్రేములకు దేనిది దానికే, అవసరమైన రోజు దొరకదు.

మీరు నేర్చుకోవాల్సిన పనులు: ట్యూబ్ మార్చడం, చైన్ శుభ్రం చేయడం, క్విక్ లింక్‌తో తెగిన చైన్ కలపడం, ప్యాడ్ మందం చూసుకోవడం, బోల్టులు సరి చూసుకోవడం. బోల్టులకు ఎంత బిగించారో కొలిచి చూపే టార్క్ రెంచ్ వాడండి. మొదటి ఏడాదిలో నేను చేతి లెక్కతో ఒక హ్యాండిల్ క్లాంప్ బిగించి కార్బన్ హ్యాండిల్ పగలగొట్టాను. అదృష్టవశాత్తు స్టాండ్ మీదే టక్‌మని వినిపించింది. దారిలో అయి ఉంటే మనిషి ముఖం మీద పడేవాడు. హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ బోల్టుల దగ్గర సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో అంకె రాసి ఉంటుంది, మీ దాని మీద ఏముందో చూసి అంతే బిగించండి. చైన్ అరుగుదల గేజ్ కూడా ఒకటి ఉండాలి. 11, 12 స్పీడ్ చైన్‌ను 0.5 శాతం అరుగుదల దగ్గరే మార్చేస్తే క్యాసెట్, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి బతుకుతుంది. ఇంకా నడుస్తోంది కదా అని లాగితే రెండూ మార్చాలి.

షాపుకు వదిలేయాల్సినవి బ్రేక్ బ్లీడింగ్ (ఆయిల్ మార్చి లోపలి గాలి తీయడం), ఫోర్క్ సర్వీసు, చక్రం బెండు తీయడం. ఫోర్క్ సర్వీసు చాలామంది మర్చిపోతారు. చాలా ఫోర్కులకు 50 గంటలకు ఒకసారి కింది కాళ్లు తీసి శుభ్రం చేసి ఆయిల్ మార్చమని తయారీదారులే రాస్తారు. వారానికి రెండు గంటలు తొక్కినా అది ఆరు నెలల్లో వచ్చేస్తుంది, మీకు వచ్చేసినట్టే.

గుంపులో వెనకబడటం గురించి మీకు ఉన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఒక్కటి చెబుతాను. మంచి గుంపులో అందరికంటే వెనక కావాలని ఒక అనుభవమున్న మనిషి వస్తాడు, స్వీప్ అంటారు. అతని పని మీ వెనక ఉండటమే. దారి చీలిన ప్రతిచోటా ముందువాళ్లు ఆగుతారు. వెనకవాడు రాగానే బయల్దేరిపోకుండా, అతనికీ ఊపిరి తీసుకునే సమయం ఇవ్వడం ఆ గుంపు ఎలాంటిదో చెప్పే గుర్తు. మీ గుంపులో అలా జరగకపోతే షాపులో అడగండి, నెమ్మదిగా వెళ్లే రైడ్ వేరే ఉందేమో. అడగడానికి మొహమాటం వద్దు. ఆగిపోయి నడిపించుకుంటూ దిగడానికీ మొహమాటం వద్దు. ఇరవై ఏళ్లుగా తొక్కుతున్న నేను ఇప్పటికీ ఒక రాళ్ల మెట్టు దగ్గర వాన పడిన మర్నాడు దిగి నడుస్తాను.

వాళ్ల కోసం మీరు చేయగలిగింది కూడా ఉంది. మీ ట్యూబ్, పంపు, టైర్ లీవర్లు, మల్టీటూల్ మీరే తెచ్చుకోండి. దారి ఇరుకైనచోట ఎక్కుతున్నవాళ్లకు దిగుతున్నవాళ్లు దారి ఇవ్వాలి, బోర్డు వేరేగా చెబితే తప్ప. నడిచేవాళ్లు కనబడితే నెమ్మదించి పలకరించండి. తడిసి మెత్తబడ్డ మట్టి దారిలో తొక్కకండి, చక్రం చేసిన గాడి గట్టిపడితే నెలల పాటు నీళ్లు దాంట్లోనే పారి దారినే కోసేస్తాయి. దారి బాగు చేసే రోజు ఎప్పుడైనా పెడితే పార పట్టుకుని వెళ్లండి. ఒక పూట మట్టి తవ్వితే వాళ్లతో కలిసే చనువు పది రైడ్లలో కూడా రాదు.

మరి కొత్త సైకిల్ ఎప్పుడు కొనాలి? ఫ్రేమ్ సైజు మీకు సరిపోకపోతే వెంటనే, ఎందుకంటే దాన్ని ఏ సెట్టింగూ సరిచేయదు. మీరు మామూలుగా తిరిగే దారుల్లోనే ఫోర్క్ ప్రతిసారీ చివరిదాకా కుంగి కొట్టుకుంటుంటే, అదీ గాలి, ఆయిల్ అన్నీ సరిగా ఉన్నాక. లేదా ఎత్తు నుంచి కిందికి దూకాల్సిన డ్రాపులు, వరస రాళ్లున్న దారులే మీకు నచ్చుతున్నాయని తేలితే. ఫుల్ సస్పెన్షన్‌కి వెనక షాక్ సర్వీసు, ఫ్రేమ్ కదిలే కీళ్లలోని పివట్ బేరింగుల పని అదనంగా వస్తాయి, ఆ పని ఏటా ఉంటుంది. కొనే ముందు గుంపులో మీ ఎత్తున్న వాళ్ల సైకిల్ ఒక దిగుడుకి అడిగి తొక్కి చూడండి, శాగ్ మీ బరువుకి సెట్ చేసుకుని మరీ.

వీలైతే కింద మీ బరువు, ఫోర్క్ మోడల్, టైర్ వెడల్పు, ఆ పాత ట్యూబ్‌కి ఒక రంధ్రమా రెండా అన్నది రాయండి. గాలి ఎంత పెట్టాలో, స్ప్రింగ్ మార్చాల్సి వస్తుందో లేదో కచ్చితంగా చెబుతాను.